మందు అన్న మాట

లింబానికి పద్నాలుగు నెలలు. డాక్టర్ ఎతినాలా వాడి జబ్బకు కొలత పట్టీ చుట్టింది. అది ప్రమాదం చూపే ఎర్ర గీత దగ్గర ఆగింది. నమ్మలేక విప్పి మళ్లీ చుట్టినా అక్కడే ఆగింది. నెల కిందట పసుపు గీత దగ్గరుండేది. ఆరు వారాలుగా రోజుకు రెండు చొప్పున వేరుశనగ ముద్ద పొట్లాలు ఈ ఇంటికి వస్తున్నాయి. పిల్లవాడు పెరగాల్సింది పోయి తరిగిపోతున్నాడు.

"సంతలో అమ్మేసుకుంటున్నారు మేడమ్. నేను ముందే చెప్పాను," అన్నాడు లైసన్. ఎతినాలా పరిశోధన కోసం వారం వారం పొట్లాలు పంచేదీ, కాగితాలు రాసేదీ, జీపు నడిపేదీ అతనే. సలీమా జిల్లాలో అందరూ దొంగలే అతని లెక్కలో, తన అత్తగారితో సహా.

ఆ మాట పిల్లవాడి తల్లి ఫలేసి చెవిన పడింది. ఆమె లోపలికి వెళ్లి, నడుముకు చుట్టుకునే చితెంజె గుడ్డలో కట్టిన మూట తెచ్చి డాక్టరు ముందు విప్పింది. ముప్పై ఎనిమిది పొట్లాలు. ఒక్కటీ చింపలేదు. ఎలక కూడా ముట్టకుండా దాచింది మహాతల్లి.

"ఎందుకు పెట్టలేదమ్మా?" అంది ఎతినాలా. గొంతు పెంచకూడదని పళ్ల బిగువున ఆపుకుంది.

"మూడు వారాల కిందట జ్వరం తగిలిందండీ. ఆస్పత్రిలో మలేరియా మాత్రలిచ్చారు. అది తగ్గేలోపు కడుపు నొప్పి, దానికి వేరు కషాయం. రెండు మందులు కలిపి వేస్తే పసివాడు తట్టుకోలేడు కదా. అందుకే మీ మందు ఆపాను."

ప్రతి వారం లైసన్ వచ్చి 'మందు వేస్తున్నావా' అని అడిగేవాడు. ఆమె మాత్రలూ కషాయమూ అనుకుని 'వేస్తున్నానండీ' అనేది. అతను గీత గీసుకుని వెళ్లిపోయేవాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు.

మందు అన్న ఆ మాట పెట్టింది ఎతినాలానే. ఇరవై ఏళ్ల కిందట ఈ ముద్ద కొత్తగా వచ్చినప్పుడు, బయటి దేశాల పరిశోధకులు దాన్ని తిండి అనే చెబుదామన్నారు. ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. మా వాళ్ల సంగతి మీకేం తెలుసు, నలుగురు పిల్లలున్న చోట ఒక్కడికే తిండి పెట్టే ఆడది మా దేశంలో పుట్టలేదు, మందు అనండి, అప్పుడెవరూ ముట్టుకోరు అని వాదించి గెలిచింది. పక్క పిల్లలు ముట్టుకోవడం నిజంగానే తగ్గింది. దాని మీద రాసిన వ్యాసంతో ఆమె పేరు ఖండాలు దాటింది. ఇంటి మనిషికే ఇలాంటివి తట్టగలవని అందరూ మెచ్చుకున్నారు. ఆమె కూడా తనను తాను కాస్త ఎక్కువగానే మెచ్చుకుంది.

ఇప్పుడు ఆ గొప్పలు తలుచుకునే తీరిక లేదు. ఇంత చిక్కిన పిల్లవాడు అరగంటలో ఈ ముద్ద కాస్తయినా తనంతట తను తింటే ఇంట్లోనే బతికించుకోవచ్చు. తినకపోతే ఈ రోజే పెద్దాసుపత్రిలో చేర్చాలి. ఆస్పత్రి ఏటికి అవతల ఉంది. రాత్రంతా కురిసిన వానకు వంతెన అంచుదాకా నీళ్లొచ్చాయి. లైసన్ గట్టెక్కి చూసి వచ్చి, మహా అయితే ముప్పావుగంట, ఆ తరవాత జీపు దాటదు అని చెప్పాడు.

ఫలేసి పొట్లం మూల కొరికి చింపింది. పిల్లవాణ్ణి ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు తొడల మధ్య ఇరికించి, ముక్కు మూయబోయింది. మందు అలాగే వేస్తారు కదా. ఎతినాలా ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, వాణ్ణి కూర్చోబెట్టించి, వేలి కొసన ముద్ద తీసి పెదవికి రాయించింది. వాడు మొహం తిప్పేసుకున్నాడు. మళ్లీ రాస్తే పెదవులు బిగించాడు. గట్టిగా ఏడవడానికి కూడా ఓపిక లేదు వాడికి. పది నిమిషాలు గడిచాయి, పదిహేను గడిచాయి. ముద్ద గడ్డం మీదే ఉంది. మాత్రలూ కషాయాలూ కుక్కించుకుని కుక్కించుకుని వాడికి తల్లి వేలంటేనే భయం పట్టుకుంది.

గుమ్మం బయట వాడి అక్కా, ఇద్దరన్నలూ నిలబడి చూస్తున్నారు. అది తమ్ముడి మందు, ముడితే చస్తారని చెప్పి పెంచిన పిల్లలు. గడప దాటలేదు.

"ఇక బయల్దేరాలి మేడమ్," అన్నాడు లైసన్.

అప్పటిదాకా మూల కూర్చుని మొక్కజొన్న ఒలుస్తున్న దొరోఫే అవ్వ, ఫలేసి తల్లి, తలెత్తింది. "డాక్టరమ్మా, ఒక్కటి చెప్పు. అది ఏ చెట్టు మందు?"

"మందు కాదవ్వా," అంది ఎతినాలా. ఇరవై ఏళ్లలో ఆ మాట ఒక తల్లి ముందు అనడం అదే మొదలు. "వేరుశనగలు, పాలపొడి, నూనె, చక్కెర. తిండి."

"మరి మందని ఎందుకన్నావు?"

"తిండి అంటే మిగతా పిల్లలకూ పెడతారని."

"పెట్టమా మరి? ఒకడి నోట్లో పెట్టి, ముగ్గురి మొహాలు చూస్తూ కూర్చుంటామా? నిన్నెవరు పెంచారే తల్లీ?"

అవ్వ జవాబు కోసం ఆగలేదు. పళ్లెం తెచ్చి చాప మీద పెట్టి, నాలుగు పొట్లాలు చింపి పిండింది. పిల్లల్ని లోపలికి పిలిచి, చెంబుతో చేతుల మీద నీళ్లు పోసింది. చిన్నవాడికి కూడా పోసి, వాళ్ల మధ్య కూర్చోబెట్టింది.

లైసన్ వంగి, ముద్దను పంచుకు తిన్న ఇంటిని పరిశోధనలోంచి తీసేయాలని నియమం రాసింది మీరే కదా అని గుర్తు చేశాడు. ఎతినాలా నోరు మూసుకోమంది. ఇంత మోటుగా అతనితో ఎన్నడూ మాట్లాడలేదు.

పెద్ద పిల్ల భయంభయంగా వేలు ముంచి నాకింది. కళ్లు పెద్దవయ్యాయి. అన్నలిద్దరూ పోటీ పడ్డారు. పళ్లెం సగం ఖాళీ అవుతోంది. లింబాని వాళ్ల చేతుల్ని చూశాడు, నోళ్లను చూశాడు. ఎతినాలా గడియారం చూడ్డం మానేసింది. వాడి చెయ్యి చాప మీద కాస్త కదిలి, ఆగింది. అన్న వేళ్లు పళ్లెంలోకి వెళ్లగానే వాడూ ముందుకు వాలి, తన వాటా పోతోందన్నట్టు ముద్దలో చెయ్యి పెట్టి నోట్లో కుక్కుకున్నాడు. మింగాడు. మళ్లీ పెట్టాడు.

ఎతినాలా ఏడ్చేసింది. సంతోషంతోనే ఏడ్చింది. ఈ ఇంటికి వారానికి పద్నాలుగు కాదు, యాభై ఆరు పొట్లాలు రాయమని లైసన్‌కు చెప్పింది. అతను తలూపి, ఈసారి వాదించకుండా రాసుకున్నాడు.

పళ్లెం ఖాళీ అయ్యాక అవ్వ నెమ్మదిగా అడిగింది. "అయితే మా సెలీనాకు ఇచ్చింది కూడా తిండేనా?"

సెలీనా ఎవరని అడిగింది ఎతినాలా. లింబాని కంటే ముందు పిల్ల అని అవ్వ చెప్పింది. నాలుగేళ్ల కిందట ఇవే పొట్లాలు వచ్చేవి. జ్వరం వస్తే దానికీ ఆపేశారు. వానలు వెళ్లకముందే పోయింది. పరిశోధన పుస్తకంలో ఆ పిల్ల ఏ వరసలో ఉండి ఉంటుందో ఎతినాలాకు తెలుసు: మలేరియాతో పోయినవాళ్లు.

అది వేరే రకమని ఒక్క మాట అంటే సరిపోయేది. వీళ్లు నమ్మేవాళ్లు కూడా.

"అవునవ్వా. అదీ తిండే."

లింబాని మూతి తుడుస్తున్న ఫలేసి చెయ్యి ఆగిపోయింది.

"పోయే ముందు రోజు అది పొట్లం చూసి చెయ్యి చాచింది డాక్టరమ్మా," అంది ఫలేసి. "మందుతో ఆటలేమిటని ఆ చేతి మీద కొట్టాను."