కళ్ళు తిరిగితే చెప్పాలి వదినా

పొద్దస్తమానం సూదితో బతికే మనిషి సూదికే కళ్ళు తేలేసిందంటే ఎవరు ఊరుకుంటారు? కిందటిసారి రక్తమిచ్చి వస్తూ టైలరమ్మ బ్లడ్ బ్యాంకు గుమ్మంలోనే కూలబడ్డ సంగతి వీధంతా పాకిపోయింది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు కొలతలిస్తూనే, "సూది కంటపడకుండా కుడుతున్నావా తల్లీ?" అని ముసిముసిగా నవ్వేవారు.

ఆవిడకు పట్టుదల ఎక్కువ. ఈసారి రక్తమిచ్చి, తన కాళ్ళ మీద తాను నడిచి రావాల్సిందేనని బయల్దేరింది. వెంట ఆడపడుచు వచ్చింది. సాయానికో, తమాషా చూడ్డానికో ఆ పైవాడికే తెలియాలి.

నర్సు సంగతంతా విని, ముందు ఉప్పు బిస్కెట్లు తినిపించింది. రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు చేతికిచ్చింది.

"ఇన్ని నీళ్ళా!" అంది టైలరమ్మ.

"తాగెయ్ వదినా. లేకపోతే మళ్ళీ మొహాన చల్లాల్సొస్తుంది," అంది ఆడపడుచు.

పడుకోబెట్టాక నర్సు చెప్పింది: "కాళ్ళు మెలేసి, తొడలూ పొట్టా బిగపట్టండి. వదలండి. మళ్ళీ బిగపట్టండి. రక్తం కిందికి జారిపోకుండా తలకి అందుతుంది."

సరేనంది గానీ, సూది దిగగానే పాదాలు రెండూ వాటంతటవే టకటకా ఆడసాగాయి.

"తొక్కడం కాదమ్మా, బిగించడం!"

"మంచం కింద మిషనుందనుకుంటోంది పాపం," అంది ఆడపడుచు.

ఎలాగో బిగించింది. కానీ చూపు మాటిమాటికీ ఎర్రటి గొట్టం వైపే పోతోంది. మొహం పాలిపోవడం చూసి నర్సు, "ఆవిణ్ణి మాటల్లో పెట్టండి," అని ఆడపడుచుకి చెప్పింది.

అడగడమే ఆలస్యం. "వదినా, అన్నయ్యకి నువ్వు కుట్టిన నీలం చొక్కాకి ఒక చెయ్యి పొడుగు. నువ్వు నొచ్చుకుంటావని మోచెయ్యి మడుచుకునే తిరుగుతున్నాడు."

టైలరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా కత్తెర తప్పడమా! మీ అన్నయ్య భుజమే ఓ పక్కకి వాలింది."

"పుట్టినప్పుడు తిన్నగానే ఉండేవాడు. పెళ్ళయ్యాకే వాలింది."

"ఓహో! అయితే మీ ఇంటిల్లిపాదికీ ఇకమీదట..."

మాటకు మాట పెరుగుతుండగానే సంచి నిండింది. నర్సు దూది అదిమిపట్టింది. "అప్పుడే అయిపోయిందా?" అంది టైలరమ్మ, తగవు సగంలో ఆగినందుకు చిన్నబుచ్చుకున్నట్టు.

కాసేపు పడుకున్నాక లేచి కూర్చోమన్నారు. కాళ్ళు వేలాడేసి కూర్చోగానే చెవుల్లో హోరు మొదలైంది. కిందటిసారీ అచ్చం ఇలాగే అయితే, బింకానికి పోయి, "నాకేం, నిక్షేపంలా ఉన్నాను," అంటూ గుమ్మం దాకా నడిచింది. ఇప్పుడూ ఆ మాటే నాలుక చివరిదాకా వచ్చింది. ఆడపడుచు వైపు చూసింది. నవ్వితే నవ్వనీ అనుకుంది.

"కాస్త... తేలిపోతున్నట్టుందమ్మాయ్."

ఆడపడుచు నవ్వలేదు. చటుక్కున భుజాలు పట్టుకుని వెనక్కి పడుకోబెట్టింది. నర్సు కాళ్ళ కింద దిండు పెట్టింది. నెమ్మదిగా హోరు తగ్గింది, గోడలు వాటి చోటుకి అవి వచ్చాయి.

"ముందే చెప్పి మంచిపని చేశారు. చెప్పకుండా లేచేవాళ్ళతోనే మాకు చావు," అంది నర్సు.

రెండోసారి లేచినప్పుడు ఏమీ కాలేదు. ఇద్దరూ గుమ్మం దాటి మెట్ల దగ్గరికొచ్చారు. ఆడపడుచు వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వదులు. నేనేం పడను."

"నువ్వు పడవులే వదినా. మెట్లంటే నాకే భయం," అంది ఆడపడుచు, ఆ చెయ్యి వదలకుండానే.