మూడో గడిలో మేనత్త

భూముల రిజిస్ట్రేషన్ ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ నడిపించే బాధ్యత చిన్నమేడమ్ మీద పడింది. ఆ ఆఫీసులో పెద్దమేడమ్ అంటూ ఎవరూ లేరు. పై అధికారి మగవాడు. ఏ పని అడిగినా "చూద్దాం" అంటాడు కనుక ఊరంతా ఆయన్ని చూద్దాంగారు అంటుంది. వయసులోనూ హోదాలోనూ ఆయన కంటే చిన్నది కాబట్టి ఈవిడ చిన్నమేడమ్ అయింది.

అంతకుముందు అక్కడ ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఉందో దేవుడికే ఎరుక. చెయ్యి తడిపితే కదిలేది, లేకపోతే కునుకు తీసేది. ఇప్పుడు ప్రతి అమ్మకమూ హాల్లో తగిలించిన పెద్ద తెర మీద గడులు గడులుగా కనిపిస్తుంది. దరఖాస్తు ఒక గడి, సర్వే రెండో గడి, హక్కుదారుల అంగీకారం మూడోది, ఆపైన రిజిస్ట్రేషన్. ఎవరి దగ్గర, ఎందుకు ఆగిందో బెంచీల మీద కూర్చున్నవాళ్లందరూ చదువుకోవచ్చు.

మూడో గడి కోసం చిన్నమేడమ్ గట్టిగా పోట్లాడింది. పాత రికార్డు ప్రకారం హక్కు ఉన్న ప్రతి మనిషి ఫోనుకూ సమాచారం వెళ్లాలి. ఆ మనిషే వచ్చి వేలిముద్ర వేసి ఔననాలి. అప్పటిదాకా నాలుగో గడి తెరుచుకోదు. తోబుట్టువులకు తెలియకుండా అమ్మేసిన భూముల తగవులు ఆవిడ తన కిటికీ దగ్గర కూర్చుని చాలానే చూసింది.

ఆ గడిలో మొట్టమొదట ఇరుక్కున్నది ఆవిడ మామగారే.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తండ్రి వదిలిపోయిన పొలాన్ని సిమెంటు కొట్టు యజమానికి అమ్మి, కొడుకు నడిపే, ఇనుము చెక్కే లేతు మిషన్ల షెడ్డు పెద్దది చేద్దామనుకున్నాడు. ఇంటి మనిషే ఆఫీసులో ఉండగా వేరే చెప్పేదేముందని కోడలితో అనకుండానే దరఖాస్తు పెట్టేశాడు. సర్వే అయిపోయింది. ఆ మర్నాడు తెర మీద ఆ పొలం ఎదురుగా ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "సోదరి అంగీకారం రాలేదు."

ఆ సోదరి పక్క పట్నంలో బట్టలు కుడుతుంది. తల్లి పోయినప్పుడు మాటా మాటా పెరిగి అన్నాచెల్లెళ్ల మధ్య రాకపోకలు తెగిపోయాయి. మేనల్లుడి పెళ్లికి కూడా ఆవిడ రాలేదు.

సాయంత్రం మామగారు కంచం ముందు కూర్చున్నాడు గాని ముద్ద ముట్టలేదు.

"ఏమ్మా, నువ్వు ఉండి కూడా మన పని ఆగిపోవడమేంటి? సిమెంటు కొట్టాయన ఆ తెర చదివి నవ్వాడు."

"చిన్నత్తయ్యకి ఒక్క మాట చెప్పలేదు కదా మామయ్యా. అందుకే ఆగింది."

"దానికి చెప్పేదేంటి? ఇన్నేళ్లలో ఆ పొలం గట్టు తొక్కిందా?"

"తొక్కకపోతే హక్కు పోతుందా?"

అత్తగారు గరిటె పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడి, "తిండి దగ్గర ఆఫీసు వద్దు," అంది. అప్పుడు తల ఎత్తని కొడుకు తరవాత గదిలో భార్యని మెల్లగా అడిగాడు.

"ఒక్క గడి దాటించలేవా? ఆ తాళం నీ దగ్గరా ఉందంటారుగా."

ఉన్నమాట నిజమే. అత్యవసరానికి గడి దాటించే మీట ఇద్దరికే ఇచ్చారు, చూద్దాంగారికీ ఆవిడకీ.

"ఉంది. అందుకే నొక్కను," అంది. అతను చొక్కా తగిలించుకుని షెడ్డుకి వెళ్లిపోయాడు.

మర్నాడు చూద్దాంగారే పిలిచాడు. ఆయన గొంతులో వెటకారం లేదు; నిజంగానే జాలిపడ్డాడు.

"పెద్దాయన్ని ఎందుకమ్మా ఏడిపించడం? నొక్కెయ్. నేను చూడలేదనుకుంటా."

"నేను నొక్కితే రేపు మీరూ నొక్కుతారు సార్."

"నొక్కుతా. మనుషులం కదా."

ఆ జవాబుతో ఏం చెయ్యాలో ఆవిడకు తెలిసిపోయింది. ఆ మధ్యాహ్నమే సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేసి, మీట ఎవరు నొక్కినా వాళ్ల పేరూ, నొక్కిన కారణమూ హాల్లో తెర మీద పడేలా మార్చమంది. పై ఆఫీసు అనుమతి కావాలన్నారు. ఆ మెట్లు ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. మొండిఘటమని అక్కడ కూడా పేరు పడ్డాక సంతకం దొరికింది. ఆ మార్పు వచ్చాక మీట జోలికి ఎవరూ పోలేదు.

ఇక మామగారికి మిగిలిన దారి ఒకటే. కాని చెల్లెలికి ఫోను చెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. చివరికి ఆఫీసు పంపిన సమాచారం చూసుకుని ఆవిడే బయల్దేరి వచ్చింది. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి అలాగే బస్సెక్కినట్టుంది. తెర చూసిపోదామని వచ్చిన అన్న హాల్లో కూర్చున్న బెంచీ మీదే, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చుంది.

చిన్నమేడమ్ లేచి వెళ్లి ఆవిడ ఎదుట నిలబడింది. "చిన్నత్తయ్యా, నేను మీ అన్నయ్య కోడల్ని. ఇక్కడ ఉన్నంతసేపు మాత్రం ఎవరి వైపూ కాదు. ఔనన్నా, కాదన్నా మీ ఇష్టమే."

ఆవిడ అన్న వైపు తిరిగింది. "నువ్వు వచ్చి అడిగుంటే వేలిముద్ర వేసేదాన్ని అన్నయ్యా. నువ్వు అడగలేదు. ఫోను అడిగింది."

"అడిగితే తిడతావనుకున్నా."

"తిట్టేదాన్నే. తిట్టి వేసేదాన్ని."

పక్క బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. మామగారు నవ్వలేదు. "ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు నేల చూస్తూ.

"ఇప్పుడు ఊరికే వెయ్యను. నా వాటా నా పేరున ఉండనీ. కుట్టు మిషను పెట్టుకున్న గది అద్దెది, ఉంటున్న ఇల్లు అత్తవారిది. ఇది నాది అని చెప్పుకోడానికి నాకూ ఒకటి ఉండాలి."

ఆయన తెర మీది ఎర్రటి అక్షరాలు మళ్లీ చదువుకున్నాడు. తరవాత, "సరే, కొలిపిద్దాం," అన్నాడు.

సర్వేయరు మళ్లీ వెళ్లి పొలాన్ని రెండు చేశాడు. సిమెంటు కొట్టాయన సణుక్కుంటూనే అన్న వాటా కొన్నాడు. షెడ్డు అనుకున్నంత పెద్దది కాలేదు. ఒక మిషను బయట రేకు కిందే ఉండిపోయింది. భర్త కొన్నాళ్లు ముభావంగా తిరిగాడు. మామగారైతే కోడలికి ఏదైనా చెప్పాలంటే గోడకు చెప్పేవాడు.

ఇలా ఉండగా ఒక సెలవు రోజున, ఆయనతో పాటు బస్సులు నడిపిన పాత స్నేహితుడు ఇంటికి వచ్చాడు.

"స్థలం అమ్ముతున్నానురా. మీ కోడలితో చెప్పి కాస్త తొందరగా కానివ్వరాదూ?"

"మా కోడలా? నా పనే ఆపేసింది," అన్నాడు మామగారు. "అది సరేగాని, మీ అక్కకి చెప్పావా లేదా? ముందు అది చెప్పు."

లోపల బట్టలు మడత పెడుతున్న చిన్నమేడమ్ ఆ మాట విని ఒక్క క్షణం చెయ్యి ఆపింది. బయటికి మాత్రం రాలేదు.