సీలు చిరిగిన డబ్బా

వేట సామాన్ల దుకాణం తలుపులు తెరవడానికి ఇంకా పావుగంట ఉంది. ఆర్డిస్ లుండ్ ప్రైమర్ల పెట్టెలను కౌంటరు వెనుక పేరుస్తూ, అద్దం అవతల నిలబడ్డ వరసను చూసి మూతి తిప్పుకుంది. ముప్ఫై మంది దాకా ఉంటారు. మోంటానాలో అక్టోబరు పొద్దుటి చలికి అందరి ముక్కులూ కారుతున్నాయి. ఒకడు ముక్కు చీది ఆ చేతిని అద్దానికే రాశాడు. నిన్న సాయంత్రం ఆ అద్దం తుడిచింది ఆర్డిసే.

మనిషికి ఒక్క పెట్టె అని నియమం. తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్ళకు ఇత్తడి గొట్టం ఉన్నా, తుపాకి మందు ఉన్నా, గుండు ఉన్నా, అడుగున నిప్పు పుట్టించే ఆ చిన్న ప్రైమర్ బొట్టు లేకపోతే అంతా దండగే. ఏడాదిన్నరగా దానికి కరువు వచ్చింది. దాంతో మనుషుల అసలు రంగు బయటపడింది. వరసలో మొదట నిలబడ్డ డ్వేన్ స్ట్రాబ్ తన అత్తగారిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకొచ్చాడు. ఆవిడ ముక్కులో ఆక్సిజన్ గొట్టం. ఆవిడ పేరున ఒక పెట్టె, పెళ్ళాం పేరున ఒకటి, తన పేరున ఒకటి. పది గంటలకల్లా ఆ మూడూ బయట పార్కింగులో, వాడి బండి వెనుక మూడింతల ధరకు అమ్ముడుపోతాయి. కొనేది ఈ వరసలో చివర నిలబడి ఖాళీ చేతులతో తిరిగి వెళ్ళేవాళ్ళే.

"ఏం పెద్దమ్మా, ఈసారి ఏ తుపాకికి?" తలుపులు తెరవగానే పెట్టె చేతిలో పెడుతూ అడిగింది ఆర్డిస్.

ముసలావిడ అల్లుడి వంక బిక్కమొహం వేసుకుని చూసింది. "ఏదో చెప్పమన్నాడమ్మా, మర్చిపోయాను. ఇక్కడ బాత్రూం ఎక్కడుంది?"

డ్వేన్ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. ఆర్డిసే కుర్చీ తోసుకుంటూ ఆవిడను తీసుకెళ్ళింది. తిరిగి వచ్చేసరికి తోలు చొక్కా వేసుకున్న కొత్త మనిషి ఒకడు కౌంటరు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు.

"ఇక్కడ ఈ సంగతులు తెలిసిన మగాళ్ళెవరూ లేరా?"

"ఉన్నారు బాబూ. చేపల గాలాల దగ్గర ఇద్దరున్నారు. వెళ్ళి అడుగు, మళ్ళీ నా దగ్గరికే పంపిస్తారు."

ఇరవై ఏడేళ్ళుగా ఆమెది ఇదే కౌంటరు. వయసు అరవై మూడు. పొట్టి మనిషి, మగవాడిలా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు, తాడుకు వేలాడే కళ్ళజోడు. అట్టపెట్టెలు చింపీ చింపీ బొటనవేళ్ళ చర్మం పగిలి నల్లటి గీతలు పడ్డాయి. వానొస్తుందంటే ఎడమ మోకాలు ముందే చెబుతుంది. పెళ్ళి ఒకసారి అయింది, నాలుగేళ్ళు కూడా నిలవలేదు. ధాన్యం గోదాముల వెనుక ఒక ట్రైలర్ ఇల్లు, ఒక గుడ్డి పిల్లి, ఆదివారం పూట చర్చిలో కాఫీ పోసే పని, అంతే ఆమె సంసారం. ఇన్నేళ్ళలో ఒక జింకను కూడా కొట్టలేదు. కానీ ఏ మందు ఏ తుపాకికి ఎంత పట్టాలో ఆమెను అడగనిదే ఈ జిల్లాలో చాలామంది తూటా నింపరు. ఈ విద్య నాన్న దగ్గర వంటింటి బల్ల మీద నేర్చుకుంది. బల్ల మీద ఒక్కటే మందు డబ్బా ఉండాలి. రేడియో ఉండకూడదు, బీరు ఉండకూడదు, తూచే గిన్నెలో మిగిలిన మందు అదే పూట తిరిగి దాని డబ్బాలోకే వెళ్ళిపోవాలి. ఆయన మాట తప్పితే చేతి మీద చెక్క గరిటెతో ఒకటి పడేది.

మధ్యాహ్నం పన్నెండింటికి డ్వేన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఎనిమిది పౌన్ల మందు డబ్బా ఉంది, పెద్ద రైఫిళ్ళలో వాడేది. తీసుకెళ్ళి మూడు వారాలైంది.

"వాపసు. అసలు తెరవనేలేదు. సీలు కొన్నప్పుడే చిరిగుంది," అన్నాడు. నోరు తెరిస్తే బీరు కంపు.

ఆర్డిస్ మూత తిప్పి, ఒక తెల్ల కాగితం మీద పిడికెడు మందు ఒంపింది. పెన్సిల్ ముల్లును సన్నగా నరికినట్టు బూడిదరంగు పుల్లలు. వాటి మధ్య నాలుగైదు గుండ్రటి పలచని రేకులు కనిపించాయి. అవి పిస్టల్ మందు. గుప్పున ఒక్కసారిగా మండిపోతుంది. రైఫిలులో పడితే ఇనుము కూడా ఆగదు. వీడు టీవీ చూస్తూ, సీసా ఎత్తుతూ, గిన్నెలో మిగిలింది ఏదో చూసుకోకుండా ఇందులో పోసేశాడు.

"ఇవేంటి డ్వేన్?"

"నాకేం తెలుసు? మీ కంపెనీ వాళ్ళనే అడగండి."

ఇంతలో మేనేజరు బ్రైస్ వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, ఎప్పుడూ పుదీనా బిళ్ళ చప్పరిస్తుంటాడు, ఇంతకుముందు చెప్పుల దుకాణంలో పనిచేశాడు. డబ్బాను తూకం మీద పెట్టాడు, అంకె చూశాడు, డ్వేన్ వీపు తట్టి వాపసు రాసేశాడు. డ్వేన్ ఆర్డిస్ వంక చూసి కన్నుగీటి వెళ్ళిపోయాడు.

"తూకం సరిపోయింది కదండీ," అన్నాడు బ్రైస్. "మూతకు టేపు వేసి, పదిశాతం తగ్గింపు చీటీ అంటించి బయట పెట్టండి. జనం దీనికోసం కొట్టుకు చస్తున్నారు."

"ఉప్పూ పంచదారా కలిపినా తూకం సరిపోతుంది బ్రైస్. ఈ రేకులు చూడు. పైనే ఇన్నుంటే అడుగున ఎన్నున్నాయో నీకు తెలుసా, నాకు తెలుసా?"

"మీరు ప్రతిదానికీ భయపడతారు. పెట్టండి మేడమ్, ప్లీజ్."

ఆమె టేపు చుట్ట తీసుకుని మూతకు వేసింది, డబ్బాను మాత్రం బల్ల మీదే ఉంచింది. టేపు వేసిన తన చేతిని చూసుకుంటే రోత పుట్టింది. ఇదే చేయి, ఇలాగే ఒకసారి టేపు వేసింది.

పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పుడూ కరువే. అప్పటి యజమాని కూడా చిరిగిన సీలు మీద టేపు వేయమన్నాడు. కొత్త ఉద్యోగం కాదు గానీ కొత్తగా విడాకులు, ఇంటి అద్దె నెత్తిమీద ఉంది. నోరు మూసుకుని వేసింది. ఆ డబ్బాను తానే హాలిస్ వీక్ చేతిలో పెట్టి, "ఇదే చివరిది, నీ కోసం దాచాను" అంది. హాలిస్ జీనులు కుట్టేవాడు. అతను కుట్టిన జీను మీద కూర్చున్న పశువుల కాపరి దాని గురించి గొప్పలు చెప్పుకునేవాడు. ఆ నవంబరులో కొండ మీద అతని రైఫిలు చేతిలోనే పేలిపోయింది. ఎడమచేతి వేళ్ళు మూడు పోయాయి. బల్ల మీద రెండు డబ్బాలు పెట్టుకుని పొరపాటు పడ్డాను, నాదే తప్పు అని హాలిసే అందరికీ చెప్పాడు. ఊరు నమ్మింది. ఆర్డిస్ ఆసుపత్రికి పూలు పట్టుకెళ్ళింది, నోరు మాత్రం విప్పలేదు. ఆ తర్వాత విప్పడానికి సమయం దాటిపోయిందని ప్రతి ఏడూ అనుకుంటూ వచ్చింది.

ఒంటిగంటకు హాలిస్ వచ్చాడు. ఇప్పుడతను స్కూలు బస్సు నడుపుతాడు. పొడుగాటి మనిషి, నడుం కాస్త వంగింది, మీసం మాత్రం ఇప్పటికీ దువ్వినట్టుంటుంది.

"ఒక పౌను డబ్బా, ఒక ప్రైమర్ల పెట్టె. నువ్వే తీసివ్వు, నేను చూసుకోను. నువ్విచ్చిందే నాకు మంచిది," అన్నాడు.

ఆమె కౌంటరు కింద దాచిన పెట్టె తీసింది. కొత్త డబ్బా సీలును రెండుసార్లు వేలితో తడిమి కాగితం సంచిలో పెట్టింది.

"ఇవాళ సాయంత్రం క్లాసుంది," అన్నాడు హాలిస్. వేట లైసెన్సుకు వచ్చే పిల్లలకు ప్రతి శరదృతువులో అతనే పాఠం చెబుతాడు. "ఈసారి పద్నాలుగు మంది. చెయ్యి పైకెత్తి నా కథ మొదలుపెడితే ఒక్కడూ కదలడు. నా చేతకానితనం దేనికో దానికి పనికొస్తోంది చూడు."

ఆర్డిస్ నవ్వాననుకుంది. మొహం మాత్రం కదల్లేదు. అతను సంచి చంకన పెట్టుకుని బయటకు వెళ్ళాడు.

ఆమె వెనుదిరిగేసరికి టేపు వేసిన డబ్బా బల్ల మీద లేదు. బ్రైస్ దాన్ని తానే తీసుకెళ్ళి కౌంటరు ముందు జనానికి అందేలా పెట్టేశాడు. పొద్దుటి తోలు చొక్కా మనిషి మళ్ళీ వచ్చి, అప్పుడే దాన్ని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"అది కింద పెట్టు," అంది ఆర్డిస్.

"ఎందుకు? నేను ముందు చూశాను."

ఆమె డబ్బా లాక్కుంది. లాక్కుని, జనం మధ్య నుంచి, కుంటుకుంటూ బయటకు నడిచింది. దుకాణం ముందు ఎండిపోయిన బంతిచెట్ల తొట్లు రెండున్నాయి. పాడైన మందును పూల పాదుల్లో చల్లడం ఈ ఊళ్ళో అందరికీ అలవాటే. టేపు పీకి, ఎనిమిది పౌన్లూ ఆ తొట్లలో కుమ్మరించి, గొట్టం తిప్పి పైన నీళ్ళు పట్టింది. బ్రైస్ పరుగున వచ్చేసరికి మందు బురదైపోయింది.

"మీకు మతిపోయిందా? అంతా చూస్తున్నారు!"

"చూడనీ."

బ్రైస్ పుదీనా బిళ్ళను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకున్నాడు. "రేపట్నుంచి రానక్కర్లేదండీ," అన్నాడు చివరికి, మర్యాదగానే.

లోపలికి వెళ్ళి కోటు తెచ్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇరవై ఏడేళ్ళకు ఆ రెండు నిమిషాలే చాలాయి. తోలు చొక్కా మనిషి వెనుక నుంచి ఒక బూతు విసిరాడు.

పార్కింగులో హాలిస్ తన బండిలో కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. అద్దం దించాడు.

"ఏంటి ఆర్డిస్, అక్టోబరులో పూలకు ఎరువేస్తున్నావ్?"

"ఉద్యోగం పోయింది."

"ఎరువేసినందుకా?"

ఆమె బండి తలుపు అంచు పట్టుకుంది. "హాలిస్, ఆ ఏడు నీకిచ్చిన డబ్బా కూడా ఇప్పుడు పారబోసిన దానిలాంటిదే, వేరే మందు కలిసిపోయింది. సీలు చిరిగుంది. టేపు వేసింది నేనే. తెలిసే ఇచ్చాను."

హాలిస్ నమలడం ఆపాడు. శాండ్‌విచ్‌ను కాగితంలో పెట్టి మెల్లగా మడిచాడు.

"అంటే నేను బల్ల మీద రెండు డబ్బాలు పెట్టలేదా?"

"పెట్టలేదు."

"పెట్టినట్టు గుర్తుంది నాకు," అన్నాడు. "స్పష్టంగా గుర్తుంది. ఎర్ర మూతది ఒకటి, నల్ల మూతది ఒకటి. నల్లదానికి పక్కనే కాఫీ కప్పు. ఇన్నేళ్ళూ పిల్లలకు అదే చెప్పాను. మా ఆవిడ కూడా పోయేదాకా నన్ను అజాగ్రత్త మనిషనే అనుకుంది. స్టవ్ కూడా నన్ను ముట్టుకోనిచ్చేది కాదు."

క్షమించమనే మాట ఆర్డిస్ నోటిదాకా వచ్చింది. అది ఎంత చవకబారు మాటో తోచి మింగేసింది. డ్వేన్, బ్రైస్, ముక్కు చీదిన వాడు, వాళ్ళందరి మీదా పొద్దుటి నుంచి పడ్డ అసహ్యం అంతా ఒక్కచోటికే, తన మీదికే చేరింది.

హాలిస్ వాచీ చూసుకున్నాడు. "బస్సు వేళయింది," అన్నాడు. కోపం లేదు, ఏ భావమూ లేదు, ఎవరికో దారి చెబుతున్నట్టుంది ఆ గొంతు. తలుపు తెరిచి, పక్క సీటు మీది కాగితం సంచిని మిగిలిన రెండు వేళ్ళతో ఎత్తి, గట్టు మీద ఆమె కాళ్ళ పక్కన పెట్టాడు. తలుపు వేసుకున్నాడు. బండి మెల్లగా రోడ్డెక్కి, ధాన్యం గోదాముల మలుపు తిరిగిపోయింది.

ఆర్డిస్ కూడా కాసేపటికి ఇంటివైపు నడిచింది. సంచిని ముట్టుకోలేదు. గాలికి దాని మూతి తెరుచుకుంది. లోపల ప్రైమర్ల పెట్టె మీద పౌను డబ్బా నిటారుగా నిలబడి ఉంది, మూత చుట్టూ సీలు చెక్కుచెదరకుండా.