నిచ్చెన మోసేవాళ్ళు

ఆ పొద్దున ఆకాశం తుడిచీ తుడవని పలకలా ఉంది. వాన వస్తుందనీ చెప్పలేం, రాదనీ చెప్పలేం. పన్నెండంతస్తుల మేడ కొసన, లిఫ్టు మోటారు ఉండే చిన్న గది గడప మీద కూర్చుని మెకానిక్ చేతులకంటిన గ్రీజు గుడ్డపేలికతో తుడుచుకుంటున్నాడు. వెనక మోటారు ఉండి ఉండి మూలుగుతోంది. ఇనపతాళ్ళు కదులుతాయి, ఆగుతాయి. ఎవరో ఏడో అంతస్తులో దిగారని అతనికి తెలుస్తుంది. ఎవరన్నది తెలియదు. ఇరవై ఏడేళ్ళుగా మనుషులతో అతనికున్న పరిచయం చాలావరకు అంతే.

జోడీగా పనిచేసే రెండో మెకానిక్ ఆయాసపడుతూ వచ్చి పక్కన కూలబడ్డాడు. బొద్దు మనిషి. చుట్టరికం ఉన్నా లేకపోయినా అందరినీ బావా అంటాడు.

"ఏంటి బావా, పసిబిడ్డని చుట్టినట్టు చుట్టావు తువ్వాల్లో? ఏముందందులో?"

"గేములాడే మిషను. పాతది."

"నాలుగు మెట్లెక్కితే మోకాళ్ళు పట్టుకుంటావు. నీకు గేములా?"

"గేములో మోకాళ్ళు నొప్పెట్టవు."

బొద్దాయన పకపకా నవ్వాడు. నవ్వు మీద నవ్వు గుర్తొచ్చినట్టుంది, తొడ చరిచాడు. "ఏ మాటకామాటే, మెట్లంటే గుర్తొచ్చింది. ఏటికి అవతల ఆ పెద్దావిడ మళ్ళీ ఫోన్ చేసిందంటే ఈసారి నేను పోను, నువ్వే పో."

"ఏ పెద్దావిడ?"

"ఆరేడు నెలల కింద చెప్పా కదయ్యా. లిఫ్టు రావట్లేదని కంప్లైంట్. సామానంతా మోసుకుని పోతే ఆ బిల్డింగుకి అసలు లిఫ్టే లేదు! నాలుగంతస్తులూ మెట్లే. రొప్పుకుంటూ ఎక్కి, అమ్మా లిఫ్టేదీ అంటే, 'వచ్చింది నువ్వా' అని మొహం మీదే తలుపేసింది."

అప్పట్లోనూ నవ్వాడు, ఇప్పుడూ నవ్వాడు మెకానిక్. ఆ రోజుకి అతనికి ఒక పూట సెలవు. సామాన్ల సంచీ బొద్దాయనకి అప్పగించి, తన సంచీ వీపుకి తగిలించుకుని, తువ్వాలు మూటని చంకలో పెట్టుకుని కిందికి దిగాడు.

గేముల షాపతను అప్పుడే షట్టర్ లేపుతున్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని బతికే మనిషి. పోయిన వారం కొత్త కన్సోల్ అమ్మింది అతనే. మెకానిక్ పాత మిషన్ని బల్ల మీద పెట్టి, వీపు సంచీలోంచి కొత్తదాన్నీ తీసి దాని పక్కన పెట్టాడు.

"పాత గేములు కొత్తదాంట్లో ఆడతాయన్నారు. ఒక్కటీ రాలేదు."

"ఆడతాయండీ. ముందు దించుకోవాలి కదా." షాపతను కొత్తదాన్ని టీవీకి తగిలించి, మెకానిక్ పేరు మీదున్న అకౌంట్ తెరిచాడు. జాబితా ఉండాల్సిన చోట బూడిదరంగు ఖాళీ. "మీ పేరు మీద ఒక్క గేమూ కొనలేదండీ మీరు."

"పాతదాంట్లో ఇరవై దాకా ఉన్నాయి."

పాతది పది నిమిషాలు నడిస్తే వేడెక్కి ఆరిపోతుంది. ఎనిమిది నెలలుగా దాని వరస అదే, అందుకే అటకెక్కించాడు. షాపతను టేబుల్ ఫ్యాన్ని దాని నెత్తిన పెట్టి బటన్ నొక్కాడు. తెర మీద ఎప్పటిలాగే రెండు బొమ్మలు. ఒకదాని కింద 'కోరపన్ను', ఇంకోదాని కింద 'నత్త'.

నత్త తను. అక్క పెట్టిన పేరు. కోరపన్ను అక్క. ఆమె పళ్ళ సెట్లు తయారుచేస్తుంది, అందుకని తనకి తనే పెట్టుకుంది. వాళ్ళిద్దరికీ మాటల్లేక ఆరేళ్ళు. అమ్మ పోయిన వారానికి, అక్క తాలూకు డిస్కులూ రెండో కంట్రోలరూ ఒక సంచీలో వేసి ఆమె బిల్డింగు కింద ఉత్తరాల పెట్టె దగ్గర పెట్టి వచ్చేశాడు. ఏ వస్తువూ ఉంచుకోలేదు. తెర మీద ఆ బొమ్మ ఒక్కటీ ఉండిపోయింది, ఖాళీ చేసి పోయిన ఇంటికి మిగిలిన పేరు పలకలా.

షాపతను కోరపన్ను మీద నొక్కాడు. జాబితా జరజరా దిగింది. "ఇవన్నీ ఈ అకౌంట్ మీద కొన్నవండీ. మీ మిషన్ని వాళ్ళ మెయిన్ మిషన్ చేసుకున్నారు, అందుకే మీకు ఆడాయి. ఒకరు కొంటే ఇద్దరూ ఆడుకోవడం, చాలామంది చేసే పనే."

"కొన్నవి ఆరే. తర్వాతవి కంపెనీవాళ్ళు పంపారు."

"ఏ కంపెనీ?"

"ఈ కంపెనీయే. పాత ఖాతాదారులకి ఊరికే ఇస్తారు కదా. నాలుగైదు నెలలకొకటి వచ్చేది. చేపలు పట్టే గేము, రైళ్ళ గేము, నత్తల పందెం..." అంటూ అతను ఆగిపోయాడు. నత్తల పందెం వచ్చిన రోజున, ఈ కంపెనీవాళ్ళకి నా సంగతి ఎలా తెలిసిందబ్బా అని తనలో తను నవ్వుకున్నాడు కూడా.

షాపతను కళ్ళజోడు ముక్కు మీదికి దింపుకున్నాడు. అతనలా చేయడం మెకానిక్ చూడటం అదే మొదటిసారి. "ఏ కంపెనీ ఇస్తుందండీ ఊరికే? తేదీలు చూడండి. మొత్తం ఇరవై. చివరి పద్నాలుగూ ఈ ఆరేళ్ళలో కొన్నవే. ఆఖరుది ఎనిమిది నెలల కింద. ఆ తర్వాత లేవు."

ఫ్యాన్ తిరుగుతోంది. పాత మిషన్ ఒక గుటక వేసినట్టు చప్పుడు చేసి ఆరిపోయింది.

"నిచ్చెన గేమ్ ఒక్కటి చాలు నాకు," అన్నాడు మెకానిక్ ఆరిన తెర వంక చూస్తూ. "అదీ, మేం ఆపిన చోటూ."

"అదే చిక్కు. కొన్నింటిని నెట్టులో వాళ్ళ కొత్త స్టోర్‌లోకి ఎక్కించారు, దాన్ని ఎక్కించలేదు. పాత స్టోర్ ఎల్లుండితో మూసేస్తున్నారు. ఈలోపు దించి పెట్టుకుంటే కొత్తదాంట్లో ఎన్నాళ్ళైనా ఆడుతుంది. దించాలంటే ఆ అకౌంట్ పాస్‌వర్డ్ కావాలి. ఆపిన చోటు కూడా వాళ్ళు తెరిస్తేనే వస్తుంది. ఫోన్ చేసి అడగండి, ఒక్క నిమిషం పని."

ఒక్క నిమిషం పని. మెకానిక్ తువ్వాలు మళ్ళీ చుట్టాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. నిచ్చెన ఆట కళ్ళ ముందే ఉంది. ఇద్దరు మనుషులు పొడవాటి నిచ్చెనని చెరో కొసా పట్టుకుని కొండ ఎక్కాలి. ఒకడు ఆగితే రెండోవాడూ ఆగాలి. ఒకడు వదిలేస్తే నిచ్చెన లోయలో పడుతుంది. అమ్మ వెనక మంచం మీద కూర్చుని, ఆట తెలియకపోయినా "ఎడమకి, ఎడమకి, గుడ్డోళ్ళారా" అని అరిచేది. ఆఖరిసారి వాగు దాటుతూ ఆపారు. అక్క మనిషి అవతలి ఒడ్డున, తన మనిషి ఇవతల, మధ్యలో నీళ్ళ మీద నిచ్చెన. ఒంటరిగా ఆడే ఆట కాదది. అయినా అప్పుడప్పుడూ తెరిచేవాడు. వాళ్ళిద్దరూ అలాగే నిలబడి ఉన్నారో లేదో చూసి మూసేసేవాడు. ఎల్లుండి దాటితే వాళ్ళుండరు.

కానీ ఇప్పుడు వాళ్ళకంటే ఆ ఎనిమిది నెలలే అతన్ని తొలుస్తున్నాయి. ఆరేళ్ళు కొన్న మనిషి ఉన్నట్టుండి ఎందుకు ఆపింది?

అక్క ఉండే బిల్డింగు మారలేదు. అదే గోధుమరంగు గేటు. మొదటి అంతస్తుకి మోకాళ్ళు పలికాయి. రెండో అంతస్తులో రెయిలింగు పట్టుకున్నాడు. మూడో అంతస్తు మలుపులో, లిఫ్టు లేని ఆ గోడని చూస్తూ ఊపిరి తీసుకుంటుంటే, బొద్దాయన పొద్దున చెప్పిన మాట వచ్చి ఎదురుగా నిలబడింది. ఏటికి అవతల. నాలుగంతస్తులూ మెట్లే. వచ్చింది నువ్వా.

అతను మెట్టు మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి లేచి మిగిలిన మెట్లు ఎక్కి తలుపు కొట్టాడు.

అక్క తలుపు తీసింది. నుదుటికి భూతద్దం కట్టుకుని ఉంది. చేతులు మోచేతుల దాకా తెల్లగా ప్లాస్టర్ పొడి. బతికే ఉంది. బాగా సన్నబడింది.

"ఎవరు పోయారు?" అంది.

"ఎవరూ పోలేదు."

"మరి?"

అతను మూట చూపించాడు. ఆమె మూట వంకా అతని మోకాళ్ళ వంకా చూసి పక్కకి తప్పుకుంది.

గది పొడుగునా అరలు. అరల నిండా తెల్లటి దవడ అచ్చులు, ఒక్కోదానికీ ఒక చీటీ. సగం ఊరు నోరు తెరుచుకుని కూర్చున్నట్టుంది. కిటికీ దగ్గర బల్ల మీద ఎర్రటి మైనం, అందులో గుచ్చిన నాలుగు పళ్ళు, చిన్న స్పిరిట్ దీపం. కూర్చోవడానికి ఒకటే కుర్చీ. అతను నిలబడ్డాడు.

"ఎల్లుండి స్టోర్ మూసేస్తున్నారట," అన్నాడు. "నిచ్చెన గేమ్ దించాలి. నీ పాస్‌వర్డ్ కావాలి."

"ఆరేళ్ళకి గడప తొక్కి అడిగేది పాస్‌వర్డా?"

"ఊఁ."

"ఫోన్లోంచి కొని పద్నాలుగు గేములు పంపాను. ఒక్కదానికైనా, అక్కా బాగుందనో, ఏడిసినట్టుందనో, ఒక్క ముక్క అన్నావట్రా?"

"నువ్వు పంపావని తెలీదు."

"తెలీదా? మరెవరు పంపారనుకున్నావు?"

"కంపెనీవాళ్ళనుకున్నా."

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ భూతద్దం ముక్కు మీదికి జారింది. "కంపెనీవాళ్ళు! ఒరే నత్తా, కంపెనీవాళ్ళు నీకు మేనమామలట్రా, పండూ ఫలం పంపినట్టు గేములు పంపడానికి?"

అతనికీ మూతి వంకర తిరిగింది. అంతలో ఆమె నవ్వు ఆగిపోయింది. బల్ల మీదున్న మైనం ముక్క తీసి వేళ్ళ మధ్య నలిపింది.

"నేనేమనుకున్నానో తెలుసా? ఆడుతున్నాడు, ఇచ్చినవన్నీ పుచ్చుకుంటున్నాడు, మాట మాత్రం పెగలదు, గుండె రాయి చేసుకున్నాడు అనుకున్నా. ఫోన్లో కనిపిస్తుంది కదా. చివరిసారి ఆడింది నిన్న. చివరిసారి ఆడింది ఇవాళ. సరే, తిన్నాడు, ఆడాడు, ఉన్నాడు అనుకునేదాన్ని."

"నీ దగ్గర మిషన్ లేదా?"

"నాకెందుకు? ఎవరితో ఆడను?"

స్పిరిట్ దీపం కొస వణికింది. ఆమె మూత పెట్టి ఆర్పేసింది.

"ఉన్నట్టుండి ఆగిపోయింది. ఒక వారం చూశాను, రెండు వారాలు చూశాను. నెల."

"మిషన్ చెడిపోయింది. వేడెక్కి ఆరిపోతోంది."

"నాకేం తెలుసు? మిషనే ఆరిపోయిందో, మనిషే ఆరిపోయాడో." ఆమె భూతద్దం విప్పి బల్ల మీద పెట్టింది. "మీ ఆఫీసుకి ఫోన్ చేశాను ఓసారి."

"విన్నాను. ఎవరో తెలీక నవ్వాను కూడా."

"ఆ బొండాం మొహంవాణ్ణి పంపారు."

"మంచివాడే."

"నాకు కావలసింది మంచివాడు కాదు కదా."

ఆమె ఒక అచ్చుకి జారిన చీటీని సరిచేసింది. అడగాల్సింది ఆమే అడిగింది, అతని వైపు తిరక్కుండా. "ఆ రాత్రి నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"అమ్మ వద్దంది. పడుకునుంటుంది, పొద్దున చెబుదాంలే అంది. పొద్దునకి లేదు."

"ఆ మాట ఆరోజే చెప్పుంటే?"

"నువ్వు అడగలేదు. తిట్టావు."

ఆమె పంపు తిప్పి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో తెలుపు పోలేదు. కొత్త మిషన్ని గోడకున్న చిన్న టీవీకి అతను తగిలించాడు. ఆమె కంట్రోలర్ అందుకుని, "అటు తిరుగు," అంది.

"ఎందుకు?"

"పాస్‌వర్డ్ రా. తమ్ముడివైతే మాత్రం చూసేస్తావా?"

అతను గోడవైపు తిరిగాడు. వెనక టిక్కు టిక్కుమని అక్షరాలు పడుతున్నాయి. చాలా పొడవాటి పాస్‌వర్డ్. తిరిగి చూసేసరికి తెర మీద సన్నటి గీత, దాని పక్కన రెండు శాతం. ఆపిన చోటుకి విడిగా ఇంకో గీత. అది ముందే నిండిపోయింది.

"ఎంతసేపు?"

"మూడు గంటలట. ఇక్కడ నెట్టు నీకంటే పెద్ద నత్త."

ఆమె సొరుగు లాగింది. మైనం గీకే పుల్లల కిందినుంచి రెండో కంట్రోలర్ తీసి ఊదింది. తెల్లటి పొడి లేచింది. "ఇది పనికొస్తుందా కొత్తదానికి?"

"పాత గేములకి పనికొస్తుందన్నాడు షాపతను."

దాన్ని మిషన్ పక్కన పెట్టి వంటగదిలోకి వెళుతూ, "నీ మోకాళ్ళు చూశా," అంది. "అంత బరువు మళ్ళీ మెట్లన్నీ దింపడం ఎందుకు? పాతది పట్టుకెళ్ళు. కొత్తది ఇక్కడుంటే ఏం పోయింది?"

అతను కింద ఖాళీగా పడి ఉన్న సంచీని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

కంచం ఒకటే వాడకంలో ఉంది. రెండోదాన్ని పైఅరలోంచి దింపి, రెండుసార్లు కడిగి, తడి తుడిచి అన్నం పెట్టింది. వేయించిన గుడ్లు, ఉడికిన బంగాళదుంపలు. కుర్చీ అతనికి వదిలి తను నేల మీద కూర్చుంది. అతనూ కుర్చీ జరిపి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీదే కూర్చున్నాడు.

అక్క ఒక్క ఎడమవైపే నములుతోంది. కుడివైపు పన్ను లేదు. ఊరందరికీ పళ్ళు కట్టే మనిషి. అతను చూశాడు, చూడనట్టు తల దించుకున్నాడు. ఆమె ఉప్పు గిన్నె ఇటు జరిపింది. తెర మీద గీత ముప్పై ఆరు దగ్గర ఆగి, ఆలోచించి, ముప్పై ఏడైంది. ఇద్దరూ దానివైపే చూస్తూ తిన్నారు.