బంద్ రోజు కల్లు వాసన

కోదండం నోటి నుంచి కల్లు వాసన వచ్చింది. అదీ బంద్ రోజున.

కలకత్తా పక్కనున్న సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లు ఆ పూట నిద్రపోతున్నట్టున్నాయి. లోకల్ రైళ్ళు ఆగిపోయాయి, దుకాణాలు మూతపడ్డాయి, ఎర్రజెండాలు కట్టిన రోడ్డు మీద పిల్లలు క్రికెట్టు ఆడుకుంటున్నారు. సుందరి కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకొచ్చి, బయట వేసిన తాళం తీసి లోపలికొచ్చేసరికి మొగుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కాళ్ళు ఎడంగా వేసి, పరిగెత్తే గూడ్సు బండి చివరిపెట్టెలో నిలబడ్డట్టు ఊగుతున్నాడు. ఆమె బిందె దించి దగ్గరకెళ్ళి వాసన చూసింది. పులిసిన వాసన. మరీ మగ్గిపోయిన అరటిపళ్ళ వాసన.

"ఎక్కడికెల్లినావు మావా?"

"హౌరా టేసనుకి."

"దేనికి?"

"గవరయ్యతో టీ తాగడానికి. అదేటి, రెండు తాళంసెవులు పట్టుకున్నావు?"

సుందరి చేతిలో ఉన్నది ఒకటే తాళంచెవి. అది ఆమె కొంగు ముడిలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాలేదు. ఇల్లు బయట తాళం, ఊరు బంద్, రైలు లేదు. అబద్ధమాడేవాడెవడైనా కాస్త నమ్మేటట్టు ఆడతాడు. ఈయన మాత్రం తడుముకోకుండా, కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. ఆ కళ్ళు కూడా నిలకడగా లేవు, పక్కలకి జారిపోతున్నాయి.

సుందరికి ఇవన్నీ కొత్త కాదు. తండ్రిని చూసింది. ఈతకల్లుతో మొదలుపెట్టి సారాలో తేలి, చివరికి పొలం గట్టున బోర్లా పడి దొరికాడు. ఆయనా ఇలాగే నడిచేవాడు, ఇలాగే చెప్పేవాడు. అందుకే పెళ్ళైన కొత్తలోనే కోదండంతో ఒక్కమాట అనేసింది. "నువ్వు తాగినావని తెలిసిన్నాడు నా పెట్టె నాను సర్దుకుంటాను. ఎందుకు తాగినావని కూడా అడగను." గూడ్సు బండి గార్డుగా దేశమంతా తిరిగినా ఆయన చుక్క ముట్టలేదు. ఆ పెట్టె మంచం కింద నుంచి కదల్లేదు.

ఇప్పుడు ఆమె మంచం కింద చెయ్యిపెట్టి పెట్టె బయటకు లాగింది. సర్దలేదు. గోడకి ఆనించి, ఆయనకి కనిపించేలా ఉంచింది.

ఆపరేషన్ ముందు కోదండం నూట ముప్ఫై కిలోల పైమాటే. మోకాళ్ళు పోయాయి, షుగరు వచ్చింది, కూర్చున్న చోటే గురక పెట్టేవాడు. బండెక్కే పని తీసేసి కుర్చీలో కూర్చోబెట్టారు. దీపావళి వెళ్ళాక బైపాస్ రోడ్డులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, బరువు తగ్గడానికి లోపలి పొట్ట కత్తిరించి, పొడవాటి వంకాయంత మిగిల్చి కుట్టేశారు. బరువు తగ్గుతోంది. చొక్కాలు వేలాడుతున్నాయి. చూసినవాళ్ళు బాగుందనే అంటున్నారు. కాకపోతే తిన్నది నిలవదు. నాలుగు ముద్దలకే పరిగెత్తి కక్కుకొస్తాడు.

కొత్త పొట్ట కదా అని సుందరి ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఆ రోజు ఆ కక్కడం మీద కూడా అనుమానం పుట్టింది.

మర్నాడు రైళ్ళు తిరగగానే గవరయ్యని పిలిపించింది. కోదండంతో పాటు గార్డు. జీతం రోజున ఎటు వెళతాడో క్వార్టర్లన్నిటికీ తెలుసు.

"మరిదీ, నిజం సెప్పు. మీ అన్నకి నువ్వే కదేటి తెచ్చి పోస్తన్నావు?"

"నాకే సాలదు వదినా, అన్నకెక్కడ పోస్తాను?"

"నవ్వకు. వాసన సూడు."

గవరయ్య వంగి చూశాడు. నవ్వు తగ్గింది. "వాసనైతే ఉన్నాది. కాని ఇది మన సరుకు కాదు వదినా. నాకు తెల్దేటి?"

"నీకు తెలీని సరుకుంటదా?"

"అనుమానమైతే యార్డుకి తీసుకుపోతాను. డ్యూటీ ఎక్కేముందు మాసేత ఊదిస్తారు గదా, ఆ మిషన్లో ఊదిద్దాం."

రిక్షాలో ఎక్కించుకుని తీసుకుపోయి, తీసుకొచ్చాడు. మిషన్ సున్నా చూపించిందట. చెప్పినవాడు గవరయ్య, ఊదినవాడు ఆయన నేస్తం, మిషన్ దగ్గర కూర్చున్నవాడు ఇద్దరికీ కావలసినవాడు. సుందరి నమ్మలేదు.

గవరయ్య వెళ్ళాక ఇల్లంతా వెతికింది. అటక మీద చాపలు దింపింది, బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టింది, పాత యూనిఫాం జేబులు తిరగేసింది. మంచం మీద పడుకున్న కోదండం చూస్తూ, "ఏటి ఎతుకుతున్నావు?" అని అడిగాడు. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. మొదటిసారి అడిగినట్టే అడిగాడు.

కక్కసు దొడ్డి వెంటిలేటర్లో దొరికింది. సీసా కాదు. బెంగాలీ పేపరులో చుట్టిన పొట్లం. లోపల బొటనవేలి గోరంత పెద్ద మాత్రలు, పట్టీలకు పట్టీలు.

"ఇయ్యేటి?"

కోదండం ఒక పట్టీ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఎవరియ్యి?" అన్నాడు.

మత్తుమాత్రలే అనుకుంది సుందరి. సీసా అయితే వాసన పట్టేస్తానని మాత్రలకు దిగాడు. పొట్లం కొంగులో కట్టుకుంది. పెట్టె సర్దుకునేముందు పదిమందిలో తేల్చాలనుకుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే తేల్చాలనుకుంది. నిజానికి వాళ్ళు మళ్ళీ చూపించుకోమన్న రోజున కోదండం అక్కడికి వెళ్ళలేదు. తిన్నది కక్కుతున్నానంటే పొట్ట మళ్ళీ కోస్తారని భయం.

గవరయ్య ఒకవైపు, తను ఒకవైపు పట్టుకుని టాక్సీ ఎక్కించారు. దారిలో ఆయన తల వేలాడేస్తుంటే, దగ్గరున్న గ్లూకోజు నీళ్ళ సీసా మూత తీసి నోటికి అందించింది. ఆయన గుక్క మింగేలోపే కక్కేశాడు.

డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ, పాతికేళ్ళ పైన ఎంతో ఉండవు. సుందరి తనకొచ్చిన బెంగాలీలో ముందే చెప్పేసింది. ఈయన తాగుతున్నాడు, మత్తుమాత్రలు మింగుతున్నాడు, రక్తం తీసి పరీక్ష చెయ్యండి. పొట్లం విప్పి బల్ల మీద పోసింది.

డాక్టరమ్మ ఒక పట్టీ తిప్పి చూసి, "ఇవి మేమిచ్చిన విటమిన్లు. ఒక్కటీ వేసుకోలేదే?" అంది. ఆసుపత్రి మాత్రలు తనే చూసుకుంటానని కోదండం అంటే, సుందరి వాటిని ఎన్నడూ విప్పి చూడలేదు.

కోదండం వైపు తిరిగి కంటి ముందు వేలు కదిపింది. వేలు వెళ్ళిన చోటికి చూపు వెళ్ళలేదు. లేచి నడవమంది. నడవలేకపోయాడు. ఇది ఏ నెలని అడిగితే, ఆషాఢమని, రథయాత్ర వెళ్ళి వారమైందని అన్నాడు. బయట జనం స్వెట్టర్లు వేసుకుని తిరుగుతున్నారు.

అప్పుడు ఆవిడ సుందరిని అడగడం మొదలుపెట్టింది. "వాంతులు ఎన్నాళ్ళనుంచి? మాకెందుకు చెప్పలేదు? ఏం పెడుతున్నారు?"

చివరి ప్రశ్నకి సుందరికి ధైర్యమొచ్చింది. పథ్యంలో తనని వంకపెట్టేవాళ్ళు లేరు. పాతబియ్యం నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి, మెత్తగా పిసికి పెడుతున్నానని చెప్పింది. మధ్యలో సగ్గుబియ్యం జావ. గుడ్డు లేదు, చేప లేదు. "పప్పు మాత్రం కంటికి కూడా చూపించలేదు. కుట్లు చీము పట్టెయ్యవూ?"

డాక్టరమ్మ రాయడం ఆపింది. తిట్టలేదు. ఎవరు మానిపించారని అడిగింది, అంతే. కొంగు కొస పట్టుకుని నలుపుతూ సుందరి, "నేనే," అంది.

ఒంట్లో ఒక విటమిన్ కొద్దివారాలకు సరిపడానే నిలవ ఉంటుందట. వాంతుల్లో పోయింది పోగా, కడిగి వార్చిన అన్నంలో అది లేదు, అది ఉన్న పప్పు సుందరి పెట్టలేదు, మాత్రల్లో ఉన్నది వెంటిలేటర్‌కి చేరింది. అది లేక మెదడు దెబ్బతింటే నడక పోతుంది, చూపు రెండవుతుంది, జ్ఞాపకం తెగిన చోట మనిషి తెలియకుండానే ఏదో కల్పించి అతికేస్తాడు. తిండి లేని ఒళ్ళు తన కొవ్వునే కరిగించుకుంటే నోరు ఆ వాసన వేస్తుంది. నర్సు గ్లూకోజు సీసా తగిలించబోతుంటే డాక్టరమ్మ ఆపింది. "ముందు ఆ విటమిన్ ఇంజెక్షన్. అది పడకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఇంకా చెడుతుంది."

సుందరి తన చేతిలోని సీసా కుర్చీ కిందికి తోసేసింది.

"సూసినావా వదినా," గవరయ్య గుసగుసగా అన్నాడు, "మిషను మంచిదే."

కళ్ళు రెండ్రోజుల్లో నిలకడయ్యాయి. నడకకు నెలలు పట్టవచ్చన్నారు. జ్ఞాపకం ఎంత తిరిగొస్తుందో, మళ్ళీ బండెక్కుతాడో లేదో డాక్టరమ్మ చెప్పలేకపోయింది.

ఇంటికొచ్చిన రోజు కోదండం గోడకి ఆనించి ఉన్న పెట్టె చూశాడు. "ఊరెల్తన్నావేటి?"

"దుమ్ము దులపడానికి తీసినాను." కాలితో మంచం కిందికి నెట్టేసింది.

పెసరకట్టు గిన్నెలో పోసి ముందు పెట్టింది. ఆయన గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"డాక్టరమ్మ పప్పు తినమనే సెప్పిందంట గదా. మరెందుకు మానేసినాను?"

సుందరి ఆయన ముఖంలోకి చూసింది. నిజంగా గుర్తులేదా, లేక అడిగి చూస్తున్నాడా? తాళంచెవిని రెండుగా చూసిన ఆ కళ్ళు ఇప్పుడు కదలకుండా ఆమె మీదే ఉన్నాయి.

"నువ్వే వద్దన్నావు మావా. సయించలేదన్నావు."

"అలగా," అన్నాడు. గుక్క గుక్కగా తాగాడు. కక్కలేదు.

మాత్ర ముక్కలు చేసి ఇచ్చి, మింగాక గడ్డం పట్టుకుంది. "నోరు తెరు. నాలిక ఎత్తు."

ఎత్తాడు. ఏమీ లేదు. ఆమె చెయ్యి తీయబోతుంటే మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడు నువ్వు తెరు."

"నానేటి మింగినాను?"

"నీ నాలిక కింద ఏటి దాసినావో సూడనీ," అన్నాడు కోదండం.