తండేలు నూకరాజు ఫొటో

ఎర్రయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ముప్ఫైయేడేళ్ళు రైలు చక్రాలకి గేజీ పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా చక్రాన్ని వెనక్కి పంపేవాడు. ఫోర్‌మన్ బతిమాలినా వినేవాడు కాదు. అంత నిక్కచ్చి మనిషి ఇంట్లో ఒక అబద్ధం 1956 నుంచి గోడకి వేలాడుతూనే ఉంది.

అది తండ్రి నూకరాజు ఫొటో. నూకరాజు కళింగపట్నం రేవులో తండేలు, అంటే పడవకి పెద్ద. ఒడ్డుకి దూరంగా ఆగిన ఓడల నుంచి సరుకు దింపుకొచ్చే పడవని అలల మీద నడిపేవాడు. రేవులో పని సన్నగిల్లుతుంటే, సముద్రం జోలికి రానని కొడుకు చేత ఒట్టు వేయించుకుని ఖరగ్‌పూర్ రైలెక్కించాడు. రెండేళ్ళకి తుఫానులో పడవతోపాటు తనూ పోయాడు. శవం దొరకలేదు. ఫొటో ముందునుంచీ లేదు. ఆ రోజుల్లో తండేలుకి ఫొటో తీసే నాథుడెవడు?

తల్లి పోలమ్మ ఒక ట్రంకుపెట్టె, అందులో మొగుడి పండగ తలపాగా పట్టుకుని కొడుకు దగ్గరికి వచ్చేసింది. వచ్చినప్పటినుంచీ ఒకటే మాట. "మీ అయ్య మొగం మరిసిపోతన్నానురా." విని విని ఎర్రయ్య ఒక ఆదివారం ఆ తలపాగా చంకన పెట్టుకుని గోల్ బజార్లో ఘోష్ బాబు స్టూడియోకి వెళ్ళాడు. ఘోష్ బాబు కాటుకతో గుబురు మీసం దిద్ది, కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు. తరవాత సన్న కుంచెతో ముడతలు గీసి ముప్ఫైయొకటేళ్ళ వాణ్ణి నలభై దాటించాడు. రేవులో దొరలు తీసిన గుంపు ఫొటోలోంచి అయ్య మొహం పెద్దది చేయించానని ఎర్రయ్య తల్లికి చెప్పాడు.

పోలమ్మ చాలాసేపు చూసి, "బాగుంది, తగిలించు" అంది. అంతే. కానీ ఆ ఫొటోకి దండ మాత్రం వేయనిచ్చేది కాదు. ఏటా నూకరాజు పోయిన రోజున దండ తెచ్చి ట్రంకుపెట్టె మీద పెట్టేది. కోడలు రత్నం ఒకసారి తెలియక ఫొటోకి వేయబోతే చెయ్యి పట్టుకుని లాగేసింది. శవం దొరకలేదు కదా, మొగుడు ఎప్పటికైనా వస్తాడని ముసలిదాని ఆశ కాబోలు అనుకున్నాడు ఎర్రయ్య. ఆ ఆశకి తన మొహమే తగిలించినందుకు లోపల్లోపల కుమిలేవాడు.

1989లో, ఎర్రయ్య రిటైరై ఖరగ్‌పూర్‌లోనే మలంచా పేటలో సొంతింట్లో ఉండగా, రైల్వే స్కూలు తెలుగు మేష్టారు శంకరనారాయణ కెమెరా వేసుకుని వచ్చాడు. కళింగపట్నంలో సముద్రం మ్యూజియం పెడుతున్నారట. రేవు మూతపడి రైల్వేలోకి వచ్చిన కుటుంబాల దగ్గర పాత ఫొటోలుంటే కాపీ తీసి పంపమన్నారట.

"మీ నాన్నగారి పేరు ముందే విన్నానండీ ఎర్రయ్యగారూ. తండేళ్ళలో ఒక్కరి ఫొటో కూడా దొరకలేదు. ఇదే మొదటిది. పేరుతో సహా గోడకి పెడతారు."

ఎర్రయ్యకి గుండె పొంగింది. సముద్రంలో పోయినవాడికి సమాధి లేదు, రాయి లేదు. పేరుండడానికి ఇదొక్కటే చోటు.

మేష్టారు ఫ్రేము వెనక్కి తిప్పాడు. "ఖరగ్‌పూర్ ముద్ర ఉందే. నాన్నగారు ఇక్కడికి వచ్చేవారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఎర్రయ్య కంగారుపడ్డాడు. "గుంపు ఫొటోలోంచి తీయించినాం బాబూ."

"ఆ గుంపు ఫొటో కూడా ఉంటే వెతికి పెట్టండి, బంగారమే. ఈ కాగితం మీద ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు రాసి, నిజమని సంతకం చెయ్యండి. ఆదివారం వస్తాను."

నాలుగు రోజులు ఆ కాగితం ఎర్రయ్యకి తిండి సయించనివ్వలేదు. సంతకం పెడితే దొంగ చక్రాన్ని తన చేత్తో బండికి ఎక్కించినట్టే. నిజం చెబితే అయ్యకి గోడ లేదు, ఎనభై దాటిన తల్లికి మొగుడి మొహం లేదు. ఆదివారం పొద్దున్న పోలమ్మ బచ్చలికూర తుంచుతుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఆ ఫొటోలో ఉన్నది అయ్య కాదు. నానే."

పోలమ్మ కాడ తుంచి పళ్ళెంలో వేసింది. "నానెరగనేటి? మీ అయ్యకి ఎడం సెవి తమ్మె నేదు. నువ్వు రైలెక్కినాక పడవ తాడు కోసేసింది. ఘోష్ బాబుకి ఆ సంగతెలా తెలుస్తాది?"

"మరి ఇన్నేళ్ళూ ఏటీ అన్లేదేం?"

"నాకోసం మీసం కూడా ఎట్టించుకున్నావు. ఏటంటాను? నీ మొగంలో ఆయన్ని ఎతుక్కున్నాను. అప్పుడప్పుడు అగుపించేవోడు కూడాను."

ఇన్నాళ్ళూ అమ్మని మోసం చేస్తున్నాననుకున్నాడు. అమ్మే తనని కాచుకుంటూ వచ్చిందని తెలిసి ఎర్రయ్యకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

మేష్టారు రాగానే దాచకుండా అంతా చెప్పేశాడు. ఆయన కెమెరా సంచిలో పెట్టేసి వెళ్ళిపోతాడనే అనుకున్నాడు. శంకరనారాయణ మాత్రం, "ఉన్నదున్నట్టు రాద్దామండీ. గోడకి పెట్టడం, పెట్టకపోవడం వాళ్ళిష్టం. నేనైతే పెడతాను" అని కలం తీశాడు. రాసింది పోలమ్మకి రెండుసార్లు చదివి వినిపించాడు.

"తండేలు నూకరాజు. ఫొటో లేదు. ఎడమ చెవి తమ్మె తెగి ఉండేదని భార్య పోలమ్మ చెప్పింది. ఇందులో ఉన్నది ఆయన తలపాగాతో కొడుకు ఎర్రయ్య, ఖరగ్‌పూర్, 1956."

ఎర్రయ్య సంతకం పెట్టాడు. ఒట్టు ప్రకారం సముద్రం వైపు వెళ్ళనివాడు చివరికి ఫొటో రూపంలో సముద్రం మ్యూజియానికే వెళ్తున్నందుకు నవ్వొచ్చింది.

మేష్టారు కాగితం మడవబోతుంటే పోలమ్మ ఆపింది.

"అక్కడ పెద్దోళ్ళ ఫొటోలకి దండలేస్తారేటి బాబూ?"

"వేస్తారేమోనమ్మా. ఎందుకు?"

"దీనికి ఎయ్యొద్దని రాయి. నానూ ఎప్పుడూ ఎయ్యనేదు. నా కొడుకు బతికే ఉన్నాడు."