తర్వాత చెప్పబోయే పేరు

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పండి. ఒక మనిషిని పట్టుకెళ్లిపోతూ, "బదులుగా ఇంకో మనిషిని ఇస్తాం, ఎవరన్నది తర్వాత చెబుతాం" అంటే ఆ బేరానికి మీరు ఒప్పుకుంటారా? బేస్‌బాల్‌లో ఒప్పుకుంటారు. ఆరు నెలల్లోపు పేరు చెబితే చాలు. ఈరీ సరస్సు ఒడ్డున హార్లన్ పోర్ట్ జనం చలికాలమంతా ఇలాంటి బేరాలు విని విని రాటుదేలిపోయారు.

వెర్నా కూజ్మా పొద్దున్నే స్కూలు బస్సులో పిల్లల్ని దింపేసి, తిరుగుదారిలో మైదానం కటకటాల దగ్గర ఆపుతుంది. ఊరంతా మోకాలిలోతు మంచు పడ్డా మైదానంలో కొన్నిచోట్ల పడదు. వసంతంలో తిరిగొచ్చే ఆటగాడు నిలబడేచోట చాపంత మేర గడ్డి పచ్చగానే ఉంటుంది. తిరిగొచ్చే ప్రేక్షకుడి కుర్చీ పొడిగా ఉంటుంది. ఇది ఎప్పుడూ తప్పలేదు. మూడేళ్ల కిందట వెర్నా భర్త కుర్చీ మంచుతో నిండింది, ఫిబ్రవరిలో ఆయన పోయాడు. చూసినవాళ్లు చూసి, టెరెన్స్ మంగలి దుకాణానికి పోయి జట్టు గురించి పోట్లాడుకుంటారు. ఇంకేం చేస్తారు?

డిసెంబరు తొమ్మిదిన షార్ట్‌స్టాప్ కేసరెస్ నిలబడే చోటు సగం తెల్లబడింది. వెర్నా ఆ కబురు మోసుకెళ్లేసరికి ఓటిస్ హెన్లీ గడ్డానికి నురగతో కూర్చునున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మైదానం మొదటి వరసలో ఆమెది ఏడో నంబరు కుర్చీ, అతనిది ఎనిమిది.

"సగమేనా? అయితే ఇంకా బేరం తెగలేదన్నమాట!" అని ఓటిస్ లేవబోయాడు.

"కదలకు. బేరం కంటే ముందు నీ చెవి తెగుతుంది" అన్నాడు టెరెన్స్, కత్తి పక్కకు తీసి.

"ఇరవై నాలుగేళ్ల కుర్రాడయ్యా కేసరెస్! రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య చీమను కూడా దాటనివ్వడు. వాణ్ణిచ్చి ఎవర్ని తెచ్చుకుంటారట?"

"ముప్ఫై ఆరేళ్ల పిచర్ని" అన్నాడు టెరెన్స్. "బంతి విసిరే భుజానికి రెండు ఆపరేషన్లు. ఇంకా, తర్వాత చెప్పబోయే ఒకణ్ణి."

"వాడింకా పుట్టలేదేమో" అంది వెర్నా. "జట్టుకి కొంగ గుర్తు ఊరికే పెట్టుకోలేదు మన యజమాని. ఊరి కోసం, ఊరి కోసం అని కళ్లు మూసుకుంటాడు. నోరు తెరిచేది చేప కోసమే."

"నువ్వు మాట్లాడకు తల్లీ" అన్నాడు ఓటిస్. " కిందటేడు ఫస్ట్ బేస్‌వాణ్ణి అమ్మితే పీడా పోయిందన్నావు."

"నిలబడి నిద్రపోయేవాడు పోతే ఏడవాలా?"

"వాడు నలభై హోమ్ రన్లు కొట్టాడు!"

"ఎప్పుడు? అవతలి జట్టుకెళ్లాక!"

ఓటిస్ పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఛాతీ పట్టుకున్నాడు.

"గ్యాసు" అన్నాడు.

"డాక్టరుకి చూపించుకోమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏప్రిల్లో మొదటి మ్యాచ్ కానీ." అంతలోనే అతని గొంతు తగ్గింది. "వెర్నా, కేసరెస్ కోసం మనమేమైనా చేయలేమా?"

కిందటేడు ఆటగాళ్లను అమ్మొద్దని నాలుగు వేల సంతకాలు పెట్టారు. పారలతో మంచు ఎత్తిపోశారు. ఎత్తినచోటే మళ్లీ పడింది. అభిమాని చేయగలిగిందల్లా చొక్కా వీపు మీద ఆటగాడి పేరు కుట్టించుకోవడం, చలికాలం వస్తే ఆ దారం ఊడదీయించుకోవడం.

మధ్యాహ్నం వెర్నా మళ్లీ బస్సు ఆపింది. కేసరెస్ పచ్చగడ్డి అరచేయంత మిగిలింది. ఆమె చూస్తుండగానే అదీ పోయింది. తల తిప్పితే కటకటాల పక్కనే మొదటి వరస. ఎనిమిదో కుర్చీలో మంచు గిన్నెడు పెరుగులా పేరుకుని ఉంది.

పక్కన టెరెన్స్ వచ్చి నిలబడ్డాడు. అతనూ ఆ కుర్చీ చూసి, తన బూట్లవైపు చూసుకున్నాడు.

"ఓటిస్‌కి చెబుతావా?"

"కేసరెస్ పోయాడని చెప్పడానికే నాకు నోరు రావట్లేదు."

టెరెన్స్ వెళ్లిపోయాక వెర్నా బస్సులో కూర్చుని, పాత స్కోరు కాగితం వెనక క్లబ్బు ప్రకటనలాగే పెన్సిలుతో రాసింది: ఓటిస్ హెన్లీ మాతోనే ఉంటాడు. బదులుగా, తర్వాత చెప్పబోయే ఒకరు. మడిచి కటకటాల సందులోంచి మంచులోకి తోసింది. ఎవరిని అడుగుతోందో ఆమెకే తెలియదు. అడిగే హక్కు ఉందో లేదో అంతకన్నా తెలియదు.

తెల్లారేసరికి ఎనిమిదో కుర్చీ పొడిగా ఉంది. కేసరెస్ చోటు తెల్లగానే ఉంది. ఆ పూటే ఓటిస్, ఎవరూ చెప్పకుండానే, డాక్టరు దగ్గరికి నడిచి వెళ్లాడు. ఇంకో వారం ఆగి ఉంటే దక్కేవాడివి కాదన్నారట.

ఏప్రిల్లో మొదటి మ్యాచ్ తొమ్మిది ఒకటితో ఓడారు. కొత్త పిచర్ భుజం రెండో మ్యాచ్‌కే పట్టేసింది. ఓటిస్ మాత్రం గుండ్రాయిలా ఉన్నాడు. "వచ్చే ఏడు చూడు" అంటాడు. "ఏ వచ్చే ఏడు?" అంటుంది వెర్నా.

జూన్ ఎనిమిది. మర్నాటితో వెర్నా బేరానికి ఆరు నెలల గడువు సరి.

స్టాండు నిండా జనం. వెర్నా ఒళ్లో కాగితం. ఎవరి పేరైనా రాయొచ్చు. ముందెప్పుడూ చూడని మనిషిది రాసినా చెల్లుతుంది. యజమాని గాజు గదిలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అతని పేరు రాద్దామని పెన్సిలు ఆనించింది కూడా. చేయి ఆగిపోయింది. తనది కాని మనిషిని తీసి ఇచ్చేయడం అతని విద్య. అది తనకూ అబ్బితే ఇన్ని చలికాలాలు అతన్ని తిట్టింది దేనికి?

"ఏం రాస్తున్నావు?" అన్నాడు ఓటిస్.

"స్కోరు."

"ఇటు చూపించు. అన్నీ తప్పులే ఉంటాయి."

"నీ మొహం. ఆట చూడు."

రెండే మాటలు రాసింది. మడిచి కటకటాల సందులోకి జారవిడిచింది.

మర్నాడు ఎండ మాడిపోతోంది. ఓటిస్ వచ్చేసరికి వెర్నా లేదు, ఏడో కుర్చీ నిండా మంచు. వెనక వరసలో జనం బూట్లవైపు చూసుకున్నారు. ఓటిస్ దాని మీద చేయి పెట్టాడు. అరచేతి వేడికి కరుగుతుందేమోనని ఆట ముగిసేదాకా తీయలేదు.

మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే ఏడో కుర్చీలో కూర్చోండి. కొంచెం చల్లగా ఉంటుంది, ఓర్చుకోండి. పక్కాయన "వచ్చే ఏడు చూడు" అంటాడు. తలూపేవాళ్లు ఆ స్టాండు నిండా ఉన్నారు. మీరు మాత్రం ఊపకండి. "ఏ వచ్చే ఏడు?" అని గట్టిగా అడగండి.